తలలోని కావలి

రాగి కంకి ముదిరే రోజుల్లో జవళగిరి చుట్టుపక్కల ఊళ్ళలో రాత్రిపూట ఇంట్లో పడుకునే మగవాళ్ళు తక్కువ. బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగుల మందలు ఏటా ఆ వేళకే దిగుతాయి. జవళగిరి అడవి దాటి తళి, డెంకణికోట చేల మీదుగా సానమావు దాకా పోతాయి. ఒక్క రాత్రి ఏమరితే నాలుగైదు నెలల కష్టం తెల్లారేసరికి తొక్కుడు మట్టి అవుతుంది. అందుకే చేనికి ఒక మంచె, మంచె మీద ఒక తప్పెట, కింద ఒక మంట.

మా తాత మంచె మీద కూర్చుని ఒక మాట చెప్పేవాడు: “చూసినోడు కాదు అబయా కావలోడు. చూసి అరిసినోడు కావలోడు.” వరసగా మూడు రాత్రులు మేలుకున్నవాడికి నాలుగో రాత్రి ఏనుగు కనబడుతుందట, అది ఏనుగేనని తెలుస్తుందట, కానీ నోరు లేవదట. చిన్నప్పుడు అదేదో కథ అనుకున్నాను. చాలా ఏళ్ళ తరువాత హోసూరులో ఒక ప్రెస్ షాపులో, తెల్లవారుజాము మూడున్నరకు అర్థమైంది.

ఆ రోజు వరసగా నాలుగో డబుల్ షిఫ్టు. పెదవి కింద పొగాకు పొట్లం ఉంది. రేకు డై మీద వంకరగా కూర్చుంది. నాకు కనబడింది. ఆపాలని కూడా తెలిసింది. అయినా రెండు చేతులూ రెండు బటన్ల మీదకు పోయాయి. డై పగిలింది. రెండు చేతులతో నొక్కితేనే కదిలే యంత్రం కాబట్టి నా వేళ్ళు నాకు మిగిలాయి. తెలియక చేసిన తప్పు కాదది, తెలిసీ చేయి ఆగలేదు. ఆ ఆగకపోవడం గురించే ఈ సలహా. నిద్ర ఆపుకోవడానికి, ఓవర్‌టైమ్ (ఓటీ) లాగడానికి ఏదో ఒకటి పట్టుకున్నవాళ్ళకూ, పట్టుకోబోతున్నవాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ రాస్తున్నాను.

పనిమందు అనే భ్రమ

మత్తు అంటే తూగడం అని మన లెక్క. సారాయి తాగినవాడు తూలుతాడు, గంజాయి పీల్చినవాడు మందగిస్తాడు. కానీ మరో రకం ఉంది. అది తూగనివ్వదు, ఆకలి తెలియనివ్వదు, గంటకు చేసే పనిని ముక్కాలు గంటకే చేయిస్తున్నట్టు అనిపిస్తుంది. వీటినే ఉత్తేజకాలు అంటారు. తూలడం లేదు కాబట్టి వీటిని మత్తుమందుల్లో జమ చేయం. పనిమందు అనుకుంటాం. మోసమంతా అక్కడే ఉంది.

ఈ కుటుంబంలో పెద్దా చిన్నా ఉన్నాయి. టీ, కాఫీలోని కెఫీన్ అన్నిటికంటే సాధువు. హాన్స్, గుట్కా, పెదవి కింద పెట్టే కూల్ లిప్ పొట్లాల్లోని నికోటిన్ దానికంటే గట్టిది. ఆపైన కొకైన్, యాంఫిటమిన్ రకాలు, అన్నిటికంటే ప్రమాదకరమైన మెథాంఫిటమిన్ ఉన్నాయి. దీన్నే ఐస్ అనీ క్రిస్టల్ అనీ అంటారు. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు దేశమంతా చేసి 2019లో వెల్లడించిన సర్వేలో 10 నుంచి 75 ఏళ్ళవారిలో యాంఫిటమిన్ రకాలు వాడేవారు 0.18 శాతం, కొకైన్ వాడేవారు 0.10 శాతం అని తేలింది. 10,000 మందిలో 18 మంది, 10 మంది అన్నమాట. పొగాకు సంగతి వేరు. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో వాడుతున్నారు. కాబట్టి మన షాపు ఫ్లోరు మీద అసలు ఉత్తేజకం పెదవి కింద ఉన్నదే. తమిళనాడులో గుట్కా వంటివాటిపై 2013 నుంచి నిషేధం ఉంది. అయినా సంచుల్లో వస్తూనే ఉన్నాయి. అయితే సంఖ్య చిన్నదని ఐస్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ఊళ్ళో ఒక్క ఇంట్లో పాము దూరినా ఆ ఇంటికది నూటికి నూరు శాతమే.

ఈ భ్రమ కొత్తదేం కాదు. మెథాంఫిటమిన్‌ను 1893లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి తయారుచేశాడు. 1940లలో ఒక జపాన్ కంపెనీ దాన్ని ఫిలోపాన్ అనే పేరుతో అమ్మింది. పనిని ప్రేమించడం అనే గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టారు. యుద్ధకాలంలో సైనికులకూ, రాత్రి షిఫ్టుల కార్మికులకూ ఇచ్చారు. యుద్ధం ముగిశాక నిల్వలు బజారున పడ్డాయి, ఊళ్ళకు ఊళ్ళు బానిసలయ్యాయి. చివరికి 1951లో జపాన్ ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చి అరికట్టాల్సి వచ్చింది. పనిని ప్రేమించేలా చేస్తానన్నది మనిషిని పనికే పనికిరాకుండా చేసింది.

తలలో ఏం జరుగుతుంది

మెదడులో రెండు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి లోపల లోతుగా ఉండే కోరికల గూడు. మంచి తిండి, పిల్లల నవ్వు, చేతికొచ్చిన జీతం అక్కడ డోపమిన్ అనే రసాయనాన్ని కొద్దిగా విడుదల చేస్తాయి. ‘ఇది బాగుంది, మళ్ళీ చెయ్యి’ అని అది మెదడుకు నేర్పుతుంది. రెండోది నుదుటి వెనుక ఉండే భాగం. ‘ఆగు, రేపటి సంగతి చూడు’ అనేది అదే. అదే మన కావలివాడు.

ఉత్తేజకం ఆ గూటిలో డోపమిన్‌ను ధారగా పారిస్తుంది. తిండీ, నవ్వూ, జీతమూ దాని ముందు చప్పబడిపోతాయి. ఏనుగులు ఒకసారి నడిచిన చోట కాలిబాట పడుతుంది, ఏటా అదే బాటన వస్తాయి. అలాగే పొట్లం, పొగ, పొడి వాడిన ప్రతిసారీ మెదడులో ఒక బాట లోతవుతుంది. జీతం పడిన మెసేజ్, ఫలానా టీ అంగడి, ఫలానా దోస్తు ఫోన్ ఏది తగిలినా కోరిక ఆ బాటనే పరిగెత్తుకొస్తుంది. అదే సమయంలో కావలివాడు నీరసిస్తాడు. చూస్తాడు, అరవలేడు.

ఇది పోలిక మాత్రమే కాదు. 2004లో అమెరికాలో పాల్ థాంప్సన్ బృందం సగటున పదేళ్ళు మెథాంఫిటమిన్ వాడిన 22 మంది మెదళ్ళను స్కాన్ చేసింది. కోరికనూ భావావేశాన్నీ అదుపులో పెట్టే సింగ్యులేట్ అనే ప్రాంతంలో బూడిదరంగు పదార్థం ఆరోగ్యవంతుల కంటే 11 శాతం దాకా తక్కువగా కనబడింది. జ్ఞాపకాలకు నెలవైన హిప్పోక్యాంపస్ దాదాపు 8 శాతం చిన్నదైంది.

ఇక కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కారెన్ ఎర్షె బృందం చేసిన పని మనకు మరీ దగ్గరిది. తెర మీద బాణం గుర్తులు వస్తుంటాయి, అవి చూపిన వైపు బటన్ నొక్కాలి. మధ్యమధ్యలో ఒక శబ్దం వస్తుంది, అది వినగానే నొక్కబోతున్న వేలిని ఆపుకోవాలి. యంత్రం మీది ఎర్ర స్టాప్ బటన్ మన తలలో ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూసే పరీక్ష ఇది. 2012లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ పరిశోధనలో 50 జతల తోబుట్టువులున్నారు. ప్రతి జతలో ఒకరు ఉత్తేజకాలకు బానిస, మరొకరు కాదు. బానిసైనవారు ఆపుకోవడంలో వెనకబడ్డారు, అది ఊహించిందే. కానీ ఏ అలవాటూ లేని తోబుట్టువు కూడా దాదాపు అలాగే వెనకబడ్డారు. నుదుటి భాగాన్ని లోపలి గూటితో కలిపే దారుల్లో ఇద్దరికీ ఒకే రకం తేడాలు కనబడ్డాయి.

దీనిలో మనకు రెండు సంగతులున్నాయి. మొదటిది హెచ్చరిక. కొందరికి పుట్టుకతోనే కావలి పలచన. మీ ఇంట్లో తండ్రో, చిన్నాన్నో, అన్నో ఏదైనా అలవాటుకు చిక్కి ఉంటే ‘ఒక్కసారి చూద్దాం’ అనే మాట మీకు ఇతరుల కంటే ఖరీదైనది. రెండోది ధైర్యం. అదే తల్లికి పుట్టి, అదే పలచని కావలితో ఉన్న రెండో బిడ్డ బానిస కాలేదు. తల తీరు తలరాత కాదు.

వయసు కూడా లెక్కే. నుదుటి వెనుక భాగం పూర్తిగా పండడానికి ఇరవైల నడుమ దాకా పడుతుంది. ఐటీఐ ముగించి అప్రెంటిస్‌గా చేరే 18, 19 ఏళ్ళ పిల్లల్లో కావలి ఇంకా మంచె కట్టుకుంటూనే ఉంటుంది. వాళ్ళ చేతికి ‘నిద్ర రాదు, పెట్టుకో’ అని పొట్లం ఇచ్చే సీనియర్ చేసేది సాయం కాదు.

పనిలో ఎలా బయటపడుతుంది

ముందుగా మీలో మీరే చూసుకోండి. మామూలుగా చేసే పని ఇప్పుడు ఉత్తేజకం లేకుండా మొదలుపెట్టలేకపోతున్నారా? జీతం పడిన రెండు రోజులకే చేబదులు అడుగుతున్నారా? రెండు రోజులు మెలకువ, ఆ తరువాత ఒక రోజు శవంలా నిద్ర, అందుకోసం లీవు, ఇలా సాగుతోందా? చిన్న మాటకే కొట్లాటకు దిగుతున్నారా? యంత్రం రెండో బటన్‌కు టేపు చుట్టి ఒక చేత్తో నడుపుదామనిపిస్తోందా? వెనక నుంచి ఎవరో గమనిస్తున్నారని ఊరికే అనుమానం వస్తోందా? వీటిలో రెండు మూడు నిజమైతే అది బలహీనత కాదు, చికిత్స కావలసిన సంగతి.

నికోటిన్ గురించి ఒక నిజం. దాని మోతాదు శరీరంలో రెండు గంటలకే సగానికి పడిపోతుంది. పడిపోగానే చిరాకు, మసక, ఆవలింతలు మొదలవుతాయి. కొత్త పొట్లం పెట్టగానే తేలికవుతుంది. ‘ఇది నన్ను చురుగ్గా ఉంచుతోంది’ అనుకుంటాం. నిజానికి అదే పెట్టిన నొప్పిని అదే తీస్తోంది. వాడని పక్కవాడు ఉత్తినే ఉన్న చోటుకు చేరడానికి మనం డబ్బు కడుతున్నాం.

మూడో షిఫ్టుకు అసలైన మందు

అలవాటు చాలామందికి నిద్రలేమి దగ్గరే మొదలవుతుంది. కాబట్టి మొదటి పని నిద్రను సంపాదించుకోవడం.

శరీరం అన్నిటికంటే డీలా పడేది తెల్లవారుజాము మూడు నుంచి ఐదు గంటల మధ్య. వీలైతే ప్రమాదకరమైన పనిని అంతకు ముందే పెట్టుకోండి. విరామంలో ఇరవై నిమిషాల కునుకు ఏ పొట్లం కంటేనైనా మేలు. లేచాక మొహం కడుక్కుని, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి, అప్పుడు యంత్రం దగ్గరికి వెళ్ళండి. టీ తాగాలంటే షిఫ్టు మొదటి సగంలో తాగండి. కెఫీన్ ఐదారు గంటల తరువాత కూడా సగం మిగిలే ఉంటుంది. తెల్లవారుజాము నాలుగు గంటలకు తాగిన టీ పొద్దున్న నిద్రను దొంగిలిస్తుంది. ఇంటికి రాగానే కిటికీకి దుప్పటి కట్టి, ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి. ‘పగలంతా పడుకుంటాడు’ అని ఎత్తిపొడవకుండా ఇంటివాళ్ళు ఆ నిద్రను కావలి కాయాలి.

ఓటీకి హద్దు పెట్టుకోండి. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది చట్టం. రెట్టింపు కూలి ఆశతో వారం మొత్తం డబుల్ షిఫ్టులు చేయడం మాత్రం అప్పు తీర్చడానికి మరో అప్పు చేయడమే. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ 12 గంటల పనిదినానికి దారి తీసే బిల్లును ఆమోదించింది. కార్మిక సంఘాలు గట్టిగా నిలబడడంతో మే 1న దాన్ని వెనక్కి తీసుకున్నారు. నిద్ర కోసం అడగడం సోమరితనం కాదని ఆ రోజు రుజువైంది.

మానాలనుకుంటే

పట్టుదల ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పట్టుదల అనేది కావలివాడి గొంతు. ఇప్పుడు పోయింది ఆ గొంతే. ఆయన అరవకపోయినా ఏనుగు రాకుండా చేని చుట్టూ కంచె కట్టాలి.

డబ్బుకు కంచె: రెండు మూడు నెలలు జీతం కార్డు భార్య చేతికో అమ్మ చేతికో ఇవ్వండి. దారిఖర్చు మాత్రం జేబులో ఉంచుకోండి. దారికి కంచె: పొట్లం దొరికే అంగడి ఉన్న వీధిలో నడవకండి. కంపెనీ బస్సు ఒక స్టాపు ముందే దిగినా ఫర్వాలేదు. ఫోన్‌కు కంచె: అమ్మేవాడి నంబరూ, కలిసి వాడే దోస్తు నంబరూ తీసేయండి. కోరిక అల లాంటిది, పదిహేను ఇరవై నిమిషాల్లో దిగుతుంది. ఆ ఇరవై నిమిషాలు ఎవరితో మాట్లాడాలో ముందే నిర్ణయించుకోండి.

పొగాకు, పొట్లాలు మానడానికి 1800-11-2356కు ఫోన్ చేయండి, ఉచితం. నికోటిన్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. డాక్టరు రాసే మాత్రలూ ఉన్నాయి. మొదటి వారమే అన్నిటికంటే కష్టం.

ఐస్ లాంటివి వాడుతుంటే ఒంటరిగా మానే ప్రయత్నం చేయవద్దు. ఆపిన మొదటి రోజుల్లో విపరీతమైన నిద్ర, దిగులు, కొందరికి చచ్చిపోదామన్న ఆలోచన వస్తాయి. ఆ రోజుల్లో పక్కన ఒక మనిషి ఉండాలి. మత్తు విడుపు సలహాకు 14446, మనసు బాగోకపోతే ఏ వేళనైనా 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. వాడిన తరువాత గుండెనొప్పి, ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఫిట్స్ వస్తే ఒక్క నిమిషం ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి ఏం తీసుకున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. హోసూరు ప్రభుత్వాసుపత్రి, కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి ఉన్నాయి. బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నది హోసూరు రోడ్డు మీదే. అక్కడ వ్యసనాలకే ఒక ప్రత్యేక విభాగం ఉంది.

ఐస్ వ్యసనానికి ఒక్క మాత్రతో నయం చేసే మందు లేదు. ఎక్కువగా పనిచేసింది మాటల చికిత్స, దానితోపాటు చిన్న చిన్న బహుమానాలు. పరీక్షలో శుభ్రంగా ఉన్న ప్రతిసారీ రోగికి చేతికందే ఏదో ఒకటి ఇస్తారు. ఇంట్లోనూ చేయవచ్చు. ఒక వారం గడిస్తే పిల్లలతో కెలవరపల్లి డ్యాముకు, నెల గడిస్తే కొత్త చొక్కా. చప్పబడిన గూటికి మామూలు సంతోషాల రుచి మళ్ళీ నేర్పడం అది.

ఉద్యోగం పోతుందన్న భయం

చాలామంది నోరు విప్పనిది ఉద్యోగం పోతుందన్న ఈ భయంవల్లే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే స్థితిని మానసిక అనారోగ్యం కిందే లెక్కించింది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు అని అదే చట్టం చెబుతోంది. ఈఎస్ఐలో ఉండి చందా రోజుల షరతు నిండినవారికి, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు కూలిలో 70 శాతం అనారోగ్య భత్యం దొరుకుతుంది. చెప్పకుండా ఎగ్గొట్టిన పది రోజుల కంటే సర్టిఫికెట్‌తో పెట్టిన నెల లీవు ఉద్యోగాన్ని కాపాడుతుంది.

నిషేధిత మత్తుపదార్థాల వాడకం 1985 చట్టం ప్రకారం నేరమే. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో కొద్దిపాటి పరిమాణం కేసులోనో చిక్కిన బానిస, తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. సగంలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. ‘దోస్తు కోసం తెచ్చాను’ అన్నవాడికి మాత్రం ఈ దారి మూసుకుపోవచ్చు. ఎవరి కోసమూ తేవద్దు, ఎవరిదీ దాచవద్దు.

సూపర్‌వైజర్లకు ఒక విన్నపం. అనుమానం వస్తే పదిమందిలో అడగవద్దు. ఆ రోజుకు యంత్రం మీద నుంచి తప్పించి ప్యాకింగ్‌కో లెక్కకో పెట్టండి. షిఫ్టు అయ్యాక పక్కకు పిలిచి ‘ఏమప్పా, ఒంట్లో బాగుందా?’ అని అడగండి. ఇంటివాళ్ళకూ అదే మాట. తిట్టుకు లొంగేది మనిషి పరువు మాత్రమే, అలవాటు కాదు.

కావలివాడు తిరిగి వస్తాడు

అమెరికాలో నోరా వోల్కో బృందం 2001లో ఒక చిన్న పరిశీలన ప్రచురించింది. మెథాంఫిటమిన్ మానిన అయిదుగురి మెదళ్ళను మానిన కొద్ది నెలలకు ఒకసారి, ఏడాది దాటాక మరోసారి చూశారు. డోపమిన్‌ను తిరిగి లోపలికి తీసుకునే వ్యవస్థ రెండోసారికి చాలావరకు కోలుకుంది. జ్ఞాపకం, చేతి చురుకు పరీక్షల్లో మాత్రం ఆ మేరకు మెరుగు కనబడలేదు. ఇందులో అబద్ధపు ఆశ లేదు. బాగుపడడం నిజం, దానికి రోజులు కాదు, నెలలూ ఏళ్ళూ పడతాయన్నదీ నిజం. నడుమ ఒకసారి జారితే మొదటికి వచ్చినట్టు కాదు. ఆ రాత్రి కంచె ఎక్కడ తెగిందో చూసి కట్టుకోవాలి.

డై పగిలిన రోజు పొద్దున్నే నేను మా ఊరికి వచ్చి తాత దగ్గర కూర్చున్నాను. జరిగింది చెప్పాను. పెదవి కింద పొట్లం సంగతి కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. “నాలుగు రాత్రులు నువ్వొక్కడివే కావలి కూర్చుంటివి కదరా” అన్నాడు. “చేను నీదైనా కావలి నీ ఒక్కడిది కాదు. పక్క చేనోణ్ణి పిలవాల.”

మా ఊళ్ళో ఎవరూ ఒంటరిగా కావలి కాయరు. ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు మంటలో కట్టె వేస్తారు. ఒక మంచె మీద తప్పెట మోగితే పక్క మంచె మీద కూడా మోగుతుంది. ఈ రాత్రి షిఫ్టుకు బయలుదేరే ముందు మీరు చేయవలసిన పని ఒక్కటే. అన్నో, భార్యో, పక్క మెషీన్ దోస్తో, ఒక్క మనిషిని ఎంచుకుని ఉన్న సంగతి చెప్పండి. మీ గొంతు లేవని రాత్రి వాళ్ళు అరుస్తారు.